ఆరుగురికి మూడు లక్షల్లో క్రూయిజ్: ప్రకటనలో రేటు కాదు, ఇంటి నుంచి ఇంటి దాకా లెక్క చూడండి

మేడమ్, మీ ప్రశ్న పూర్తిగా చదివాను. మీరు దేవరకొండ దగ్గర గవర్నమెంట్ స్కూల్లో టీచర్. మామగారు ఈ ఏడాది రిటైర్ అవుతున్నారు. ఆయన ఎప్పుడూ సముద్రం మీద పోలేదు కాబట్టి అందరూ కలిసి క్రూయిజ్‌కి వెళ్లాలనుకుంటున్నారు. అత్తమ్మ, మామయ్య, మీరిద్దరు, పదమూడేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు, మొత్తం ఆరుగురు. చేతిలో మూడు లక్షలు ఉన్నాయి. 'మనిషికి 20,000 మాత్రమే' అని ఫోన్‌లో ప్రకటన వచ్చింది, ఇది నిజమేనా, గోవా వెళ్లాలా సింగపూర్ వెళ్లాలా అని అడిగారు.

నేను నల్గొండలో చాలా ఏళ్లుగా టికెట్లు, టూర్ బుకింగుల పనిలో ఉన్నాను. షిప్ టూర్లకు మన జిల్లా నుంచి, పాలమూరు వైపు నుంచి వెళ్లే కుటుంబాలు ఏటా పెరుగుతున్నాయి. వాళ్లందరికీ చెప్పేదే మీకూ చెప్తాను. మనకు సముద్రం దూరం. ముంబై వాళ్లకు చవక అయిన టికెట్ మనకు చవక కాకపోవచ్చు. అందుకే ప్రకటనలో అంకె పక్కన పెట్టి, మీ ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి మళ్లీ తాళం తీసే దాకా ఎంత అవుతుందో ఒక కాగితం మీద రాయండి. ఆ మొత్తాన్ని తగ్గించేదే అసలు డీల్.

ప్రకటన అబద్ధం కాదు, కానీ సగమే చెప్తుంది. ఫంక్షన్ హాల్ మాట్లాడుకున్నప్పుడు కిరాయి ఒకటి చెప్పి, కరెంటు, జనరేటర్, క్లీనింగ్ వేరేగా వేస్తారు కదా, ఇదీ అంతే. ఆ 20,000 అనేది ఒక క్యాబిన్‌లో ఇద్దరు ఉంటేనే మనిషికి పడే రేటు. అది కూడా కిటికీ లేని ఇన్‌సైడ్ క్యాబిన్‌కి, ఎవరూ పెద్దగా వెళ్లని తేదీకి. దాని మీద పోర్ట్ చార్జీలు, పన్నులు, షిప్ సిబ్బందికి ఇచ్చే టిప్స్ ఉంటాయి. ఈ టిప్స్‌ని గ్రాట్యుటీ అంటారు. చాలా కంపెనీలు దీన్ని రోజుకు ఇంత అని మనిషి లెక్కన బిల్లులోనే వేస్తాయి, చిన్న పిల్లలకు కూడా. విదేశీ షిప్పుల్లో రోజుకు మనిషికి 16 నుంచి 20 డాలర్ల మధ్య ఉండటం మామూలే. ఆరుగురికి నాలుగు రోజులంటే అదెంతో మీరే గుణించి చూడండి.

ఇప్పుడు మీ కుటుంబానికి రెండు నమూనా లెక్కలు వేస్తాను. ఈ అంకెలు దారి చూపడానికే, మీ తేదీలకు వచ్చే రేట్లు పెట్టి మళ్లీ వేసుకోండి.

ముంబై నుంచి గోవా వెళ్లి రావడం, రెండు రాత్రులు. రెండు క్యాబిన్లలో ముగ్గురు ముగ్గురు. నాలుగు టికెట్లు పూర్తి రేటు, అంటే 80,000. మూడో మనిషికి సగం అనుకుంటే ఇద్దరికి 20,000. పోర్ట్ చార్జీలు, పన్నులు, టిప్స్ మనిషికి 5,000 వేసుకుంటే 30,000. షిప్ వరకు 1,30,000 అయింది. హైదరాబాద్ నుంచి ముంబైకి థర్డ్ ఏసీలో ఆరుగురికి రానూ పోనూ ఓ 18,000. ముందు రాత్రి ముంబైలో రెండు రూములు 8,000. టాక్సీలు, గోవాలో తిరగడం 10,000. షిప్‌లో చిల్లర ఖర్చు ఇంకో 10,000. మొత్తం 1,76,000. ప్రకటన చూసి మీరు మనసులో అనుకున్నది 1,20,000. తేడా 56,000. అయినా మీ మూడు లక్షల్లో హాయిగా సరిపోతుంది.

సింగపూర్ నుంచి మూడు రాత్రులైతే, విమానం టికెట్ ఒక్కటి 28,000 అనుకుంటే ఆరుగురికి 1,68,000. వీసాలు 18,000. షిప్ టికెట్లు పూర్తి రేటు నాలుగు 1,20,000, తక్కువ రేటు రెండు 40,000. పోర్ట్ చార్జీలు, టిప్స్ కలిపి 54,000. షిప్‌కి ముందు రోజు, తర్వాత రోజు హోటల్ రెండు రూములు 40,000. ఇన్సూరెన్స్, అక్కడ తిరగడం 25,000. మొత్తం 4,65,000. అందులో షిప్‌ది సగం కన్నా తక్కువే. సింగపూర్ క్రూయిజ్‌లో ఎంత డిస్కౌంట్ వచ్చినా, విమానం టికెట్ ఎక్కువ పెడితే అది అక్కడే పోతుంది. కాబట్టి మూడు లక్షలతో ఆరుగురు ఈ ఏడాది సింగపూర్ వద్దు. ఇష్టంగా దాచుకున్న డబ్బు, మధ్యలో అప్పు చేసి వెళ్లే ట్రిప్ కాకూడదు.

ఇక మన దేశం నుంచి వెళ్లే షిప్ సంగతి. కార్డేలియా క్రూయిజెస్ వాళ్ల ఎంప్రెస్ 2021 సెప్టెంబర్ నుంచి ఇక్కడ తిరుగుతోంది. ఇది 1990లో తయారైన షిప్, ముందు రాయల్ కరీబియన్ కంపెనీలో ఉండేది. దాదాపు 48,500 టన్నులు. సింగపూర్ నుంచి వెళ్లిన స్పెక్ట్రమ్ ఆఫ్ ద సీస్ లాంటివి 1,69,000 టన్నులకు దగ్గర. కాబట్టి యూట్యూబ్‌లో ఆ పెద్ద షిప్పులు చూసి, అదే ఇక్కడ దొరుకుతుందనుకుంటే పిల్లలు డీలా పడతారు. కానీ మీ మామయ్యగారికి కావలసింది సముద్రం, చుట్టూ కుటుంబం, టైముకి భోజనం. దానికి ఇది చాలు. చిన్న షిప్ కావడం వల్ల పెద్దవాళ్లకు నడక కూడా తగ్గుతుంది. మన భోజనం దొరుకుతుంది, శాకాహారానికి, జైన్ భోజనానికి ఇబ్బంది లేదు.

ఈ షిప్ ఏడాదంతా ఒకే చోట ఉండదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అరేబియా సముద్రం బాగా అల్లకల్లోలంగా ఉంటుంది కాబట్టి, ఆ కాలంలో తూర్పు తీరానికి వస్తుంది. చెన్నై నుంచి శ్రీలంకకు 2023లో మొదలుపెట్టారు, విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు కూడా కొన్ని ట్రిప్పులు వేశారు. వానలు తగ్గాక మళ్లీ ముంబై. మన నల్గొండ వాళ్లకు తూర్పు తీరం ట్రిప్పులు దొరికితే చాలా కలిసొస్తుంది. గుంటూరు లైన్ మీద చెన్నై వెళ్లే రైలు, విశాఖ వెళ్లే రైళ్లు నల్గొండ, మిర్యాలగూడలోనే ఎక్కవచ్చు. హైదరాబాద్ వెళ్లే పని లేదు. లగేజీతో ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు ఉన్నప్పుడు ఒక బస్సు, ఒక ఆటో తగ్గడం చిన్న విషయం కాదు. చిక్కల్లా ఒక్కటే. ఆ ట్రిప్పులు ఎక్కువగా జూలై, ఆగస్టులో ఉంటాయి, అప్పుడు మీ స్కూళ్లు నడుస్తుంటాయి. రెండో శనివారం, పంద్రాగస్టు, రాఖీ లాంటివి దగ్గర దగ్గరగా పడితే తప్ప మీకు కుదరదు. శ్రీలంక అయితే అందరికీ పాస్‌పోర్టులు కావాలి.

పాలమూరు వాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకో మాట. మీకు ముంబై మాకన్నా దగ్గర. మక్తల్, నారాయణపేట వైపు వాళ్లు రాయచూర్‌లో ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా ముంబై సీఎస్‌ఎంటీ స్టేషన్‌లో దిగుతారు. క్రూయిజ్ టెర్మినల్ ఉన్న బల్లార్డ్ పియర్ అక్కడికి టాక్సీలో చాలా దగ్గర. పైగా ముంబైలో చుట్టాలు లేని పాలమూరు పల్లె ఉండదు. ముందు రాత్రి వాళ్లింట్లో ఉంటే హోటల్ ఖర్చు పోతుంది, తెల్లవారి టెన్షన్ ఉండదు. చాలామంది షిప్ టికెట్ దగ్గర వెయ్యి రూపాయల కోసం వారం రోజులు బేరాలాడి, ఇలాంటి సౌకర్యం చేతిలో ఉండి కూడా వాడుకోరు.

ముందు రోజే చేరమని నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. షిప్ బయలుదేరడానికి చాలా ముందే చెక్‌ఇన్ మూసేస్తారు. రైలు ఆరు గంటలు లేటయిందని కెప్టెన్ ఆగడు, డబ్బు కూడా తిరిగి రాదు. బయలుదేరే రోజు పొద్దున దిగే రైలుకి, అదే పొద్దున దిగే విమానానికి టికెట్ చేయకండి.

డబ్బు ఎక్కువ మిగిలేది తేదీల్లో. మీరు టీచర్ కాబట్టి సెలవుల్లోనే వెళ్లగలరు, సెలవుల్లో రేట్లు మండుతాయి అని మీరు రాశారు. అది సగమే నిజం. మన సెలవులు, షిప్ ఎక్కే మిగతా జనం సెలవులు ఒకటి కాకపోవడమే మనకు లాభం.

దసరా తీసుకోండి. తెలంగాణలో దసరా సెలవులు దాదాపు రెండు వారాలు ఇస్తారు. ముంబై షిప్ నిండేది ప్రధానంగా మహారాష్ట్ర, గుజరాత్ వాళ్లతో. వాళ్లకు పండుగ దగ్గర రెండు మూడు రోజులే సెలవు, అసలు రద్దీ దీపావళి వారంలో ఉంటుంది. మన సెలవుల మొదటి వారంలో, అంటే ఎంగిలిపూల బతుకమ్మ అయిపోయిన తర్వాత వచ్చే సోమవారం నుంచి గురువారం మధ్య, అక్కడ మామూలు పని రోజులు. అప్పుడు వెళ్లి, సద్దుల బతుకమ్మకి ఇంటికి వచ్చేయవచ్చు. అత్తమ్మగారు కూడా పండుగ పోయిందని బాధపడరు. ఆ సమయానికి షిప్ ముంబైకి వచ్చిందా లేదా అన్నది ఆ ఏడాది షెడ్యూల్‌లో చూసుకోండి. దసరా కాస్త ఆలస్యంగా, అక్టోబర్ మధ్యలో వచ్చే ఏడాది ఇది బాగా కుదురుతుంది.

వేసవి సెలవులు కూడా అలాగే. మన స్కూళ్లు ఏప్రిల్ చివరి వారంలో మూసి జూన్ రెండో వారంలో తెరుస్తారు. సింగపూర్‌లో స్కూలు సెలవులు మే చివర మొదలై జూన్ అంతా ఉంటాయి, మళ్లీ నవంబర్ మధ్య నుంచి డిసెంబర్ దాకా. అంటే మన ఏప్రిల్ చివర, మే మొదటి మూడు వారాలు అక్కడ పిల్లలు బడిలో ఉంటారు. మే ఒకటి సెలవును, వారాంతాలను తప్పించి ఆదివారమో సోమవారమో బయలుదేరే ట్రిప్ చూడండి. ఒక్కోసారి శుక్రవారం బయలుదేరే మూడు రాత్రుల ట్రిప్ కన్నా వారం మధ్యలో నాలుగు రాత్రుల ట్రిప్ తక్కువకు వస్తుంది. వచ్చే రెండేళ్లలో డబ్బు జమ చేసి సింగపూర్ వెళ్లాలనుకుంటే ఈ వారాలు గుర్తుపెట్టుకోండి. సంక్రాంతి మాత్రం ఎటు చూసినా ఖరీదే.

క్యాబిన్లు ఎలా పంచుకోవాలన్నది తర్వాతి పెద్ద సంగతి. క్యాబిన్‌లో మొదటి ఇద్దరికే పూర్తి రేటు. మూడో మనిషికి, నాలుగో మనిషికి తక్కువ. పన్నెండేళ్ల లోపు పిల్లలకు టికెట్ ఫ్రీ అన్న ఆఫర్లు తరచూ వస్తాయి, అప్పుడు కూడా పోర్ట్ చార్జీలు, పన్నులు కట్టాలి. మీ బాబుకి అది వర్తిస్తుంది, పాపకి పదమూడు కాబట్టి వర్తించదు. ఏజెంట్ 'పిల్లలు ఫ్రీ' అని చెప్పగానే ఏ వయసు దాకా అని అడగండి. ఆరుగురికి మూడు క్యాబిన్లు తీసుకుంటే ఆరు పూర్తి టికెట్లు. రెండు తీసుకుంటే నాలుగే. ఆ రెండింటిలో నలుగురు ఒకచోట, ఇద్దరు ఒకచోట ఉండమని ఏజెంట్లు చెప్తారు. నేను ముగ్గురు ముగ్గురు అంటాను. రేటులో పెద్ద తేడా రాదు, ఇరుకు తగ్గుతుంది. పాప నానమ్మ తాతయ్యలతో, బాబు మీతో. పై బెర్తు నిచ్చెన ఎక్కేది పిల్లలే, వాళ్లకు అదే సంబరం. బుక్ చేసేటప్పుడే రెండు క్యాబిన్లు పక్కపక్కనే కావాలని రాయించుకోండి.

కొంచెం తక్కువకు 'గ్యారంటీ క్యాబిన్' అని అమ్ముతారు. క్యాబిన్ ఇస్తామని హామీ, కానీ ఏది అన్నది వాళ్లిష్టం. ఇద్దరు స్నేహితులు వెళ్తే మంచి బేరమే. పెద్దవాళ్లతో మాత్రం వద్దు. మీరు ఒక చివర, వాళ్లు నాలుగు అంతస్తుల పైన ఇంకో చివర పడితే మామయ్యగారు రాత్రి బాత్రూంకి లేచి తడబడితే చూసేవాళ్లు ఉండరు. షిప్ మధ్య భాగంలో, కింది అంతస్తుల్లో క్యాబిన్ అడగండి. అక్కడ ఊగడం తక్కువ, పైగా ఆ కింది క్యాబిన్లే చాలాసార్లు చవక. బాల్కనీ కోసం రెండింతలు పెట్టవద్దు. రెండు రాత్రుల ట్రిప్‌లో మీరు నిద్రకు తప్ప క్యాబిన్‌లో ఉండరు, సముద్రం చూడటానికి పైన డెక్ అందరికీ ఉంది. ఒక్క మాట, అత్తమ్మగారికి మూసిన గదిలో ఊపిరాడనట్టు అనిపించే అలవాటు ఉంటే ఆ ఒక్క క్యాబిన్ కిటికీ ఉన్నది తీసుకోండి. ఆ ఖర్చు దండగ కాదు.

చివరి నిమిషంలో బుక్ చేస్తే చవక అన్న మాట మీరు విన్నానని రాశారు. అమెరికాలోనో, సింగపూర్‌లోనో రేవు పక్కన ఉండే రిటైరైన దంపతులకు అది నిజం. కంపెనీలు మిగతా డబ్బు కట్టడానికి సాధారణంగా రెండు మూడు నెలల ముందు గడువు పెడతాయి. అప్పటికి కట్టని వాళ్ల క్యాబిన్లు మళ్లీ అమ్మకానికి వస్తాయి, రేటు దిగవచ్చు. మనకు ఆ సమయానికి రైలు బెర్తులు ఉండవు, విమానం టికెట్ రెండింతలు అవుతుంది, వీసా రాదు. ఆరుగురికి పక్కపక్కన క్యాబిన్లు అసలే దొరకవు. మీలాంటి కుటుంబానికి నాలుగైదు నెలల ముందు బుకింగే లాభం. జనవరి నుంచి మార్చి దాకా ప్రపంచమంతా క్రూయిజ్ కంపెనీలు ఆఫర్లు ఎక్కువగా పెడతాయి, వేసవి ట్రిప్‌కి అప్పుడే చూడండి. బుక్ చేశాక కూడా నెలకోసారి అదే తేదీ, అదే క్యాబిన్ రేటు చూస్తూ ఉండండి. చివరి వాయిదా కట్టకముందు రేటు తగ్గితే, కొత్త రేటుకి మార్చమని అడిగే హక్కు కొన్ని కంపెనీల్లో ఉంటుంది. అడగనిదే ఎవరూ ఇవ్వరు.

'రెండో వ్యక్తికి 60 శాతం తగ్గింపు', 'క్యాబిన్‌కి ఇన్ని వేల వోచర్' లాంటి వాటికి నేను పెద్దగా విలువ ఇవ్వను. మొదటి వ్యక్తి రేటు ఎక్కువ పెట్టి రెండో వ్యక్తిది తగ్గించడం సులభం. క్యాబిన్ మొత్తానికి అన్నీ కలిపి ఎంత, దాన్ని రాత్రులతో భాగిస్తే ఎంత, ఈ రెండే అడిగి రాసుకోండి. మూడు ప్రకటనలు అలా రాసుకుంటే ఏది చవకో మీ పాప కూడా చెప్పేస్తుంది.

మీ చేతిలో ఉన్న పెద్ద బలం ఒకటుంది, అది మీ స్టాఫ్‌రూం. చాలా కంపెనీల్లో ఎనిమిది క్యాబిన్లు, పదహారు మంది అయితే గ్రూప్ రేటు ఇస్తారు. పదహారు మందికి ఒక మనిషి టికెట్ ఉచితంగా ఇచ్చే పద్ధతి కూడా ఈ వ్యాపారంలో ఎప్పటి నుంచో ఉంది. ఆ ఉచితం గురించి ఏజెంట్ తనంతట తాను చెప్పకపోవచ్చు, ఎందుకంటే అది ఆయన దగ్గర ఉండిపోయినా ఎవరికీ తెలియదు. మీ మండలంలో ఇంకో మూడు నాలుగు టీచర్ల కుటుంబాలు ఒప్పుకుంటే, 'గ్రూప్ రేటు ఎంత, ఉచిత బెర్తు అందరికీ పంచి ఇస్తారా' అని నేరుగా అడగండి. అందరివీ ఒకే సెలవులు కాబట్టి తేదీ దగ్గర గొడవ రాదు. టీచర్ల గ్రూపులకు నేను ఎప్పుడూ ముందు ఇదే చూస్తాను.

షిప్ లోపల ఖర్చు గురించి. భోజనం, మామూలు టీ కాఫీ, ఎక్కువ షోలు, స్విమ్మింగ్ పూల్ టికెట్‌లోనే. మందు, కూల్‌డ్రింకులు, వైఫై, స్పెషల్ రెస్టారెంట్, ఫోటోలు, రేవులో దిగి తిరిగే టూర్లు వేరే. పిల్లల కార్డుతో కూడా కొనుక్కునే వీలు ఉంటుంది కాబట్టి మొదటి రోజే రిసెప్షన్‌లో చెప్పి ఆపించండి. విదేశీ షిప్‌లో మామూలు క్రెడిట్ కార్డు గీకితే మారకం మీద మూడున్నర శాతం దాకా అదనంగా వేసే బ్యాంకులు ఉన్నాయి, విదేశీ డబ్బు ముందే నింపుకునే ఫారెక్స్ కార్డు తీసుకుంటే మేలు.

రేవుల్లో తిరిగే టూర్లు షిప్ కంపెనీ దగ్గరే కొనాలా అంటే ఊరిని బట్టి. మలేసియాలోని పెనాంగ్‌లో షిప్ ఆగే స్వెట్టెన్‌హమ్ పియర్ నుంచి జార్జ్‌టౌన్‌కి నడిచే వెళ్లవచ్చు, లిటిల్ ఇండియాలో ఇడ్లీ దోసె దొరుకుతాయి, పైసా టూర్ అక్కర్లేదు. పోర్ట్ క్లాంగ్ నుంచి కౌలాలంపూర్ మాత్రం గంట పైనే ప్రయాణం, సొంతంగా వెళ్లి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే షిప్ వెళ్లిపోతుంది. అందుకే సింగపూర్ ట్రిప్పుల్లో రేటు దాదాపు ఒకటే అయితే పెనాంగ్ ఆగేది ఎంచుకోమంటాను. లక్షద్వీప్ ట్రిప్ ఫోటోల్లో అద్భుతంగా ఉంటుంది, కానీ అక్కడ షిప్ దూరంగా ఆగి చిన్న పడవల్లోకి దిగాలి. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు అది నరకం.

సామాన్ల సంగతి చాలామందికి అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది. కరెంటు కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె షిప్‌లోకి రానివ్వరు, తీసి పెట్టుకుని దిగేటప్పుడు ఇస్తారు. ఇంట్లో చేసిన పులిహోర, కూరలు లోపలికి వద్దంటారు. సీల్ చేసిన ప్యాకెట్లకు ఎక్కువగా అభ్యంతరం ఉండదు, సకినాలు తీసుకెళ్లాలనుకుంటే షాపులో ప్యాక్ చేసినవి కొనండి. మందులు ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతి సంచిలో పెట్టాలి, పెద్ద సూట్‌కేసు క్యాబిన్‌కి రావడానికి కొన్ని గంటలు పడుతుంది. మామయ్యగారికి షుగర్ ఉందని రాశారు, ఇన్సులిన్ అయితే క్యాబిన్‌లో ఫ్రిజ్ ఉందా అని ముందే అడగండి. షిప్‌లో డాక్టర్ ఉంటాడు, కానీ ఫీజు వేరే, అది బాగా ఎక్కువ. విదేశీ ట్రిప్ అయితే పెద్దవాళ్లకు ఇన్సూరెన్స్ లేకుండా నేను బుక్ చేయను.

కడుపులో తిప్పుతుందేమోనని అత్తమ్మగారి భయం. ఆ భయం తీరాలంటే ముందు మన కృష్ణమ్మ మీద ఒక రోజు గడపండి. నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలానికి, కొల్లాపూర్ దగ్గర సోమశిల నుంచి శ్రీశైలానికి తెలంగాణ టూరిజం లాంచీలు వేస్తుంది, రిజర్వాయర్‌లో నీళ్లు బాగా ఉన్నప్పుడే నడుస్తాయి. నల్లమల కొండల మధ్య ఆరేడు గంటల ప్రయాణం. సముద్రం ఊపు వేరే, అది నిజం. అయినా రోజంతా నీళ్ల మీద ఉండటం వాళ్లకు నచ్చుతుందా లేదా అన్నది తక్కువ ఖర్చుతో తేలిపోతుంది. దేవరకొండ నుంచి సాగర్ మీకు ఎంతో దూరం కాదు. సముద్రం ట్రిప్‌కి వాంతుల మాత్రలు డాక్టర్‌ని అడిగి తీసుకెళ్లండి, తిప్పడం మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి.

ఇక మోసాలు. సూపర్‌మార్కెట్‌లోనో పెట్రోల్ బంకులోనో కూపన్ నింపించుకుని, నాలుగు రోజులకు 'మీకు ఉచిత క్రూయిజ్ తగిలింది, దంపతులు ఇద్దరూ హైదరాబాద్‌లో హోటల్‌కి రండి' అని ఫోన్ చేస్తారు. అక్కడ మూడు గంటలు కూర్చోబెట్టి లక్షల రూపాయల హాలిడే మెంబర్‌షిప్ అంటగడతారు. ఆ వోచర్‌లో తేదీలు వాళ్లిష్టం, పన్నులు మీవి, ప్రయాణం మీది. మిర్యాలగూడ నుంచి ఒక కుటుంబం అలా సంతకం పెట్టి వచ్చి నా దగ్గర కూర్చుని ఏడ్చింది. మీకు అలాంటి ఫోన్ వస్తే పెట్టేయండి.

ఏజెంట్ నిజమైనవాడైనా కొన్ని కాగితాలు చూడాల్సిందే. డబ్బు మనిషి సొంత ఫోన్ నంబర్‌కి పంపవద్దు, కంపెనీ ఖాతాకే పంపి రసీదు తీసుకోండి. కట్టిన రెండు మూడు రోజుల్లో షిప్ కంపెనీ ఇచ్చే బుకింగ్ నంబర్ అడగండి, దాన్ని కంపెనీ వెబ్‌సైట్‌లోనో కస్టమర్ కేర్‌లోనో మీరే సరిచూసుకోండి. రద్దు చేస్తే ఏ తేదీ లోపల ఎంత కోత అన్నది రాతలో ఉండాలి. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నప్పుడు ఇది చాలా ముఖ్యం. విదేశీ ప్యాకేజీ అయితే టీసీఎస్ అని కొంత పన్ను కూడా వసూలు చేస్తారు. అది పోయే డబ్బు కాదు, ఇన్‌కంట్యాక్స్ రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది. ఎవరి పాన్ మీద కట్టారో చూసుకోండి.

మీ ఆడపడుచు హ్యూస్టన్‌లో ఉన్నారని చివర్లో ఒక వాక్యం రాశారు. అది నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది. అత్తమ్మ, మామయ్య ఎప్పుడైనా అక్కడికి వెళ్లే ఆలోచన ఉంటే, హ్యూస్టన్‌కి 80 కిలోమీటర్ల దూరంలో గాల్వెస్టన్ రేవు ఉంది. అక్కడి నుంచి మెక్సికో వైపు నాలుగైదు రాత్రుల షిప్పులు ఏడాదంతా వెళ్తాయి. విమానం ఖర్చు ఎలాగూ పెట్టారు కాబట్టి అదనంగా అయ్యేది షిప్ టికెట్టే. అక్కడ స్కూళ్లు తెరిచిన సెప్టెంబర్‌లో, డిసెంబర్ మొదటి రెండు వారాల్లో, కొత్త సంవత్సరం దాటాక జనవరిలో రేట్లు బాగా దిగుతాయి. నవంబర్ చివరి దాకా తుఫాన్ల కాలం, దారి మార్చే అవకాశం ఉంటుంది. వీసా మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి, చెల్లే అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అడగరు.

మీకు నేను చెప్పేది ఇది. ఈ ఏడాది ముంబై-గోవా, దసరా సెలవుల మొదటి వారం, రెండు ఇన్‌సైడ్ క్యాబిన్లు ముగ్గురు ముగ్గురు, నాలుగు నెలల ముందు బుకింగ్. మూడు లక్షల్లో లక్ష పైనే మిగులుతుంది. ఆ మిగిలిన దాంతో సింగపూర్‌కి పునాది వేయండి, ఏప్రిల్ చివరి వారం గుర్తుంచుకుని.

సింగపూర్ ఆలోచన రెండేళ్ల తర్వాతదే అయినా పాస్‌పోర్టు పని మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి. నల్గొండ పోస్టాఫీసులోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది, పద్దెనిమిదేళ్లు నిండిన వాళ్లకు 36 పేజీల పుస్తకానికి మామూలు ఫీజు 1,500. ఆధార్‌లో, టెన్త్ సర్టిఫికెట్‌లో, పెన్షన్ కాగితాల్లో మామయ్యగారి ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో ముందు చూడండి. మన వాళ్లకు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి ఇంటిపేరు ఉండటం మామూలు. ఇంటిపేరు గడి ఖాళీగా పాస్‌పోర్టు వస్తే తర్వాత వీసాలకు, టికెట్లకు తిప్పలు. సింగపూర్‌కి మల్టిపుల్ ఎంట్రీ వీసా కావాలి, ఎందుకంటే షిప్ దిగేటప్పుడు రెండోసారి అడుగుపెడతారు. మలేసియా 2023 డిసెంబర్ నుంచి మనవాళ్లను వీసా లేకుండా రానిస్తోంది, కానీ ఇలాంటి సడలింపులకు గడువు ఉంటుంది కాబట్టి బుక్ చేసే రోజు మళ్లీ చూడాలి. పాస్‌పోర్టులో ప్రయాణం రోజు నుంచి ఆరు నెలలకు తక్కువ కాకుండా గడువు మిగిలి ఉండాలి. పిల్లల పాస్‌పోర్టులు ఐదేళ్లకే ఇస్తారు, వాళ్లవి కాస్త ఆగి, ట్రిప్ ఖాయం అయిన ఏడాది తీసుకున్నా చాలు. మీకు తేదీలు, ఏజెంట్ ఇచ్చిన కొటేషన్ వచ్చాక ఇక్కడే పెట్టండి, ఏ అంకె ఎక్కడ ఎక్కువుందో చూసి చెప్తాను.